నమ్మకం లేకుండా దీపం వెలిగించవచ్చా?

మీ ప్రశ్న – నా జవాబు

ప్రశ్న: మా ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే ఆవిడ యూదురాలు. దేవుడున్నాడని నేను నమ్మను అని మామూలుగా చెబుతుంది. కానీ శుక్రవారం పెందలాడే ఇంటికి వెళ్లి, పొద్దు గూకకముందే రెండు కొవ్వొత్తులు వెలిగిస్తుంది. యోం కిప్పూర్ అనే ఉపవాసం రోజు మంచినీళ్లు కూడా ముట్టదు. ఇదేమిటని అడిగితే "మా వాళ్లలో ఇది కొత్త కాదు" అంది. నాకు కూడా రెండేళ్లుగా నమ్మకం సడలిపోయింది. ఇంట్లో దీపం పెట్టడం మానేశాను. మానేసినందుకు లోపల టెన్షన్‌గానూ ఉంది. దేవుడు లేడనే ఈ కాలపు వాదాలకు యూదు తత్వవేత్తలు ఏం జవాబు చెప్పారు?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ముందు మీ స్నేహితురాలి సంగతి చెబుతాను. మీ దీపం దగ్గరికి తర్వాత వస్తాను.

ఎవరి మతం గురించైనా మనం మొదట అడిగేది "దేవుణ్ణి నమ్ముతావా?" అని. యూదుల దగ్గర మొదట వచ్చేది "ఏం చేస్తున్నావు?" అనే ప్రశ్న. బైబిల్లోని నిర్గమకాండం 24వ అధ్యాయంలో సీనాయి కొండ దగ్గర జనం ఇచ్చిన మాట ఒకటుంది. హీబ్రూలో దాని వరుస "చేస్తాం, వింటాం" అని. ఎవరైనా ముందు విని, తర్వాత కదా చేస్తారు? ఈ తిరగబడ్డ వరుస మీద రబ్బీలు, అంటే యూదు మతగురువులు, తరతరాలుగా ఆలోచించారు. చేస్తూ పోతే అర్థం వెనకాల వస్తుందని దాన్ని తీసుకున్నారు. మన దర్శనాల్లో దీనికి దగ్గరగా వచ్చేది పూర్వమీమాంస. వేదం చెప్పిన కర్మ చేసి తీరాలంటారు, కానీ జగత్తును సృష్టించిన ఈశ్వరుణ్ణి ఒప్పుకోరు. అయినా వేదాన్ని ఒప్పుకుంటారు కాబట్టి వాళ్లు ఆస్తికులే. డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పాను. ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్లలు పుస్తకంలోంచి తలెత్తి చూసేవారు.

అయితే యూదులకు నమ్మకంతో పనిలేదని అనుకోకండి. 12వ శతాబ్దంలో మైమోనిడెస్ రాసిన 13 విశ్వాస సూత్రాల్లో మొదటిదే దేవుడున్నాడని. ఈయన గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టి, ఈజిప్టులో వైద్యుడిగా బతికాడు. ఒక పక్క అరిస్టాటిల్, ఒక పక్క యూదుల ధర్మశాస్త్రమైన తోరా, రెంటి మధ్య నలిగిపోతున్న తన శిష్యుడి కోసం 1190 ప్రాంతంలో పెద్ద గ్రంథం రాశాడు. దాని ఇంగ్లిషు అనువాదం నాకు 1984లో హైదరాబాదులో, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట లేదు. ఆ రాత్రి బస్సులో ఇంటికి వస్తూ చదవడం మొదలుపెట్టాను.

అందులో మైమోనిడెస్ అనేది ఇది: దేవుడు ఇలా ఉంటాడని మనం చెప్పలేం. ఇలా ఉండడని మాత్రమే చెప్పగలం. ఆయనకు చేతులు లేవు, కోపం లేదు, ఒక చోటు లేదు. మంచివాడు, బలవంతుడు అనే మాటలు కూడా మనుషుల కొలతలతో తీసుకుంటే తప్పే. బృహదారణ్యకంలోని "నేతి నేతి" తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. ఆకాశంలో కూర్చుని లెక్కలు రాసుకునే పెద్దమనిషి లేడని మీరు తేల్చుకుని ఉంటే, ఆ పెద్దమనిషిని మైమోనిడెస్ ఎనిమిది వందల ఏళ్ల కిందటే తీసి పక్కన పెట్టాడు. అంతవరకు మీరిద్దరూ ఒకే దారిలో ఉన్నారు.

ఆయనకు దావీదు అని తమ్ముడుండేవాడు. రత్నాల వ్యాపారి. మన దేశం వైపు సరుకు కోసం ఓడలో వస్తూ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఆ కబురు విని మైమోనిడెస్ దాదాపు ఏడాది మంచం పట్టాడు. ఎనిమిదేళ్ల తర్వాత ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో కూడా దుఃఖం తగ్గలేదు. "నా మోకాళ్ల మీద పెరిగాడు, నా తమ్ముడు, నా శిష్యుడు" అని రాశాడు. తోరా, శాస్త్రాల చదువు లేకపోతే తాను ఆ బాధలోనే పోయేవాణ్ణన్నాడు. దేవుడికి మనుషుల గుణాలు అంటగట్టవద్దని అంత కచ్చితంగా వాదించిన మనిషి ఇలా విలపించాడని తెలిశాక, ఆ వాదం మీద నాకు గౌరవం పెరిగింది. మనసు లేక అలా మాట్లాడలేదు.

ఇక ఈ కాలపు సందేహం. దానికి మొదటి గొంతుల్లో ఒకటి యూదుల ఇంట్లోంచే వచ్చింది. స్పినోజా అనే తత్వవేత్తను ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం 1656 జూలై 27న వెలి వేసింది. అప్పటికి అతని వయసు 23. ఎవరూ అతనితో ఒకే కప్పు కింద ఉండకూడదు, నాలుగు మూరల దగ్గరికి కూడా పోకూడదని ఆ శాసనం. తర్వాత అతను రాసినదాంట్లో దేవుడూ ప్రకృతీ వేరు కాదు. మొర వినే చెవి ఎక్కడా లేదు. ఇంకో వందేళ్లకు జర్మన్ తత్వవేత్త కాంట్ వచ్చి, దేవుడున్నాడనే తర్క రుజువులేవీ నిలబడవని 1781లో చూపించాడు. బెర్లిన్‌లోని యూదు తత్వవేత్త మెండెల్సన్ ఆయన్ని "అన్నిటినీ పిండి చేసేవాడు" అన్నాడు. మెండెల్సన్ రుజువులను నమ్ముకున్నవాడు, అందుకే ఆ మాటలో బాధ ఉంది.

రుజువులు పోయాక ఏం మిగిలింది? నాకు తెలిసినంతలో దీనికి అందరికంటే గట్టిగా జవాబిచ్చినవాడు ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్. జర్మనీలోని కాసెల్‌లో 1886లో పుట్టాడు. ఆచారాలు పెద్దగా లేని ఇల్లు. 1913లో క్రైస్తవంలోకి మారిపోదామని దాదాపు నిశ్చయించుకున్నాడు. ఆ అక్టోబరులో యోం కిప్పూర్ రోజు బెర్లిన్‌లో ఒక సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థన మందిరంలో గడిపాడని, అక్కడే మనసు మారిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఆ నెలాఖరుకు, యూదుడిగానే ఉండిపోతున్నానని బంధువుకు ఉత్తరం రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడయ్యాడు. 1918లో మాసిడోనియా వైపు యుద్ధరంగం నుంచి, తన గ్రంథాన్ని పోస్టుకార్డుల మీద, సైనిక లేఖల మీద రాస్తూ ముక్కలు ముక్కలుగా అమ్మకు పంపాడు. అది 1921లో అచ్చయింది.

ఆ పుస్తకం దేవుడితో మొదలుకాదు, చావు భయంతో మొదలవుతుంది. పాశ్చాత్య తత్వశాస్త్రం మొదటినుంచీ "సమస్తం" గురించి మాట్లాడుతూ, చావుకు వణికే ఈ ఒక్క మనిషిని మరిచిపోయిందని ఆయన ఫిర్యాదు. వాదం చివర తేలే సంగతిగా దేవుణ్ణి చూడడు. ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టు, నేను పలకవలసి వచ్చినట్టు ఉంటుంది ఆ అనుభవం. ఆదాము చెట్ల చాటున దాక్కున్నప్పుడు వచ్చిన ప్రశ్న "ఎక్కడున్నావు?" ఆదాము పలకలేదు, సాకులు చెప్పాడు. తర్వాత అబ్రాహామును పిలిస్తే "హినేని" అన్నాడు. మన తెలుగు బైబిల్లో దాన్ని "చిత్తము ప్రభువా" అని అనువదించారు. వినడానికి బాగుంటుంది, కానీ హీబ్రూలో అంత వినయం లేదు, ప్రభువు అనే మాటే లేదు. "ఇదిగో, ఉన్నాను" అంతే. రోజెన్‌జ్వైగ్ ఆలోచనంతా ఆ ఒక్క మాటలో ఉందని నేను అనుకుంటాను. దేవుడున్నాడా అని నేను అడిగే ముందే, నువ్వెక్కడున్నావని నన్ను ఎవరో అడుగుతున్నారు.

1922లో ఆయనకు కండరాలు చచ్చుబడే జబ్బు వచ్చింది. కొన్నాళ్లకు మాట పోయింది, రాయడం పోయింది. ఆయన చూపించే అక్షరాలను బట్టి భార్య ఎడిత్ మాటలు ఊహించి రాసేది. అలాగే మార్టిన్ బూబర్‌తో కలిసి హీబ్రూ బైబిల్‌ను జర్మన్‌లోకి అనువదిస్తూ 1929 డిసెంబరులో పోయాడు. నలభై మూడు నిండలేదు.

మీ దీపానికి సంబంధించిన మాట కూడా ఈయన దగ్గరే ఉంది. యూదు మగవాళ్లు ప్రార్థనలో చేతికీ నుదుటికీ చిన్న తోలు పెట్టెలు కట్టుకుంటారు. మీరు కట్టుకుంటారా అని ఎవరో అడిగితే "ఇంకా లేదు" అన్నాడట. చేయనని అనలేదు, చేస్తున్నానని అబద్ధమూ ఆడలేదు. మీ స్నేహితురాలు నమ్మకం లేకుండా కొవ్వొత్తి వెలిగిస్తోంది. మీరు నమ్మకం లేదని దీపం మానేశారు. రెండూ నిజాయితీగానే చేస్తున్నారు. ఎవరైనా అడిగితే "ఇంకా లేదు" అనండి. ఒక సాయంత్రం వెలిగించాలనిపిస్తే, నమ్మకం సంగతి ముందు తేలాలని ఆగకండి.

ప్రశ్న: మా నాన్నగారు గోరా గారి సభలకు వెళ్లేవారు. నేనూ నాస్తికుణ్ణే. రుజువు అడిగినప్పుడల్లా దేవుడు అనే మాటకు అర్థం మార్చేయడం తప్పించుకోవడం కాదా? పైగా నాజీలు 60 లక్షల మంది యూదులను చంపుతుంటే రాని దేవుడి గురించి, ఆ యూదులే ఇంకా ఎలా మాట్లాడతారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అయ్యా, మీ మొదటి అభియోగం కొంతవరకు నిజం. జర్మనీలోని మార్‌బుర్గ్‌లో హెర్మన్ కోహెన్ అనే గొప్ప ప్రొఫెసర్ ఉండేవాడు. దేవుడంటే ఒక భావన అని, నీతి నిలబడడానికి కావలసిన ఆధారమని బోధించాడు. ఆయన ఈ సంగతి వివరిస్తుంటే ఊళ్లోని ఒక ముసలి యూదుడు శ్రద్ధగా విని, చివర్న "మరి లోకాన్ని సృష్టించిన స్వామి ఎక్కడ?" అన్నాడట. కోహెన్ జవాబు చెప్పలేక కన్నీళ్లు పెట్టుకున్నాడని చెబుతారు. అమెరికాలో మొర్దెకై కాప్లాన్ ఇంకా ముందుకు పోయి, దేవుడు ఒక వ్యక్తి కాదన్నాడు, మనిషిని మంచివైపు నడిపించే శక్తి అన్నాడు. 1945లో న్యూయార్క్‌లో రబ్బీల సభలో ఆయన్ని వెలి వేసి, ఆయన ప్రార్థన పుస్తకాన్ని కాల్చారు. కాల్చడం ఘోరం. కానీ శక్తికి మొర పెట్టుకోలేమన్న ఆ రబ్బీల బాధ నాకు అర్థమవుతుంది. అర్థం మార్చుకుంటూ పోతే చివరికి ఎవరూ కాదనలేనిది, ఎవరికీ అక్కరలేనిది మిగులుతుంది.

రెండో ప్రశ్నకు నా ఇంటి సంగతి చెప్పాలి. మాది దివిసీమలో ఒక పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను వాల్తేరులో ఎం.ఏ. చదువుతున్నాను. నాలుగో రోజుకు గానీ ఊరు చేరలేకపోయాను. మా అక్క, ఆమె ఇద్దరు పిల్లలు పోయారు. మా నాన్నగారు బడిపంతులు, నిష్ఠాపరుడు. ఒక బంధువు పరామర్శకు వచ్చి "ఏ జన్మలో చేసిన కర్మో" అన్నారు. నాన్నగారు లేచి నిలబడి, "ఆ మాట మళ్లీ నా గుమ్మంలో అనకండి" అన్నారు. ఆయన గొంతు అంత పెద్దగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత ఏడాది పాటు సంధ్యవార్చలేదు.

ఉప్పెన సముద్రం చేసింది, ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరం మనుషులు పథకం వేసి చేశారు. రెంటినీ ఒక గాట కట్టను. కానీ ఆ రోజు నాన్నగారు కసిరింది ఎందుకో నాకు బైబిల్లోని యోబు గ్రంథం చదివాక తెలిసింది. యోబుకు పిల్లలు పోయారు, ఒళ్లంతా కురుపులు. స్నేహితులు వచ్చి "నువ్వేదో పాపం చేసి ఉంటావు, దేవుడు అన్యాయం చేయడు" అని దేవుడి తరఫున వాదిస్తారు. యోబు ఒప్పుకోడు, దేవుడి మీదే ఫిర్యాదు చేస్తాడు. చివరి అధ్యాయంలో దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? తనను వెనకేసుకొచ్చిన స్నేహితుల మీద. వాళ్లు తన గురించి సరైన మాట అనలేదని, యోబే అన్నాడని చెబుతాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి యూదు తత్వవేత్తలు చాలామంది ఈ చోట నిలబడే మాట్లాడారు. చరిత్రను నడిపే దేవుణ్ణి ఇక నమ్మలేనని రిచర్డ్ రూబెన్‌స్టైన్ 1966లో సూటిగా రాశాడు. హాన్స్ యోనస్ తల్లిని ఆష్విట్జ్‌లో చంపారు. దేవుడు సర్వశక్తిమంతుడనే మాటను వదులుకోవలసిందేనని ఆయన తేల్చాడు. నాజీ శిబిరంలో కొన్నాళ్లు ఉండి బయటపడ్డ ఫాకెన్‌హైమ్ మాత్రం, యూదుడు యూదుడిగా బతకడం మానేస్తే హిట్లర్‌కు చచ్చాక గెలుపు ఇచ్చినట్టే, అది నిషిద్ధం అన్నాడు. నాకు అందరికంటే దగ్గరైనవాడు ఎలియెజెర్ బెర్కొవిట్స్ అనే రబ్బీ. శిబిరాల్లో లేని మనం యోబు కాము, యోబు తమ్ముళ్లం అన్నాడు. అక్కడ నమ్మకం నిలుపుకున్నవాళ్ల ముందు, నమ్మకం పోగొట్టుకున్నవాళ్ల ముందు కూడా మనం తల వంచాలన్నాడు. ఒక రబ్బీ ఈ మాట రాయడం చిన్న సంగతి కాదు.

ఇంకొకరు లెవినాస్. లిథువేనియాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. ఫ్రెంచి సైనికుడిగా పట్టుబడి యుద్ధం ముగిసేదాకా జర్మనీలో ఖైదీగా ఉన్నాడు. లిథువేనియాలో ఉన్న అమ్మానాన్నలను, తమ్ముళ్లను నాజీలు చంపేశారు. 1955లో ఆయన రాసిన ఒక వ్యాసం మీరు చదివితే బాగుంటుంది. బహుమతులు పంచుతూ, శిక్షలు వేస్తూ, మనుషులను ఎప్పటికీ చిన్నపిల్లల్లా చూసే దేవుడు కావాలనుకున్నవాళ్లకు, ఆకాశం ఖాళీ అని తెలిసిననాడు నాస్తికత్వమే ఆరోగ్యకరమైన జవాబు అంటాడు. పెద్దవాళ్ల విశ్వాసం ఆ ఖాళీని దాటి రావాలి, దాన్ని చూడనట్టు నటించకూడదు. తర్వాతి రచనల్లో ఎదుటి మనిషి ముఖాన్ని పట్టుకున్నాడు. ఆకలితో ఉన్న ముఖం నన్ను అడుగుతుంది. ఆ అడగడం నేను ఒప్పుకున్నాక మొదలైంది కాదు, ముందే ఉంది. దేవుడనే మాటకు అర్థం ఏదైనా ఉంటే అది అక్కడే. పక్కవాడి బాధకు కారణం చూపించి సరిపెట్టడమే నీతిలేనితనానికి మూలం అని కూడా రాశాడు. అది చదివినప్పుడు మా గుమ్మం, నాన్నగారు లేచి నిలబడడం కళ్ల ముందు కనిపించాయి.

ఇది రుజువు కాదు. "ఆ బాధ్యత నాకు దేవుడు లేకుండానే తెలుసు" అని మీరు అనవచ్చు. గోరా గారు ఆ మాట అని ఊరుకోలేదు, అంటరానితనం మీద జీవితమంతా పోరాడి చూపించారు. ఆ జీవితం ముందు లెవినాస్ వాదం గెలవదు, గెలవాలని ఆయన కోరుకుని ఉంటాడని కూడా నేను అనుకోను.

మీకూ నాకూ తేడా ఒక్క చోట ఉంది. సొదొమ పట్టణాన్ని నాశనం చేస్తానంటే అబ్రాహాము దేవుడికి అడ్డం నిలబడి, లోకానికంతటికీ తీర్పు తీర్చేవాడు న్యాయం చేయవద్దా అని నిలదీశాడు. యూదులు ఆ వ్యాజ్యాన్ని నేటికీ వదులుకోలేదు. వదులుకుంటే ఆ 60 లక్షల మంది తరఫున అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరని వాళ్ల భయం. మా అక్క విషయంలో నేనూ అంతే. ఎవరినో అడగాలి. ఇది మీకు బలహీనతగా కనిపించవచ్చు, కనిపిస్తే తప్పుపట్టను.

ప్రశ్న: మన గుంటూరు జిల్లాలో తెలుగు మాట్లాడే యూదులున్నారంటే నిజమేనా?
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: నిజమే. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది, సొంత సినగాగ్ ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం వారసులమంటారు. దానికి చరిత్రకారులు ఒప్పుకునే ఆధారం లేదు. కానీ వాళ్లు సబ్బాతు, అంటే వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. చేయడం ముందు అనే మాట ఇక్కడ కూడా గుర్తు చేసుకోండి.

ఇంకా పాత సంగతి ఒకటి. 1647లో హైదరాబాదులో సర్మద్ అనే కవి ఉండేవాడు. పర్షియాలో యూదు కుటుంబంలో పుట్టి ముస్లిం అయ్యాడంటారు. ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో ఆయనకు మరణశిక్ష పడింది. ముస్లింల విశ్వాస వాక్యం కలిమా "దేవుడు లేడు, అల్లా తప్ప" అని మొదలవుతుంది; అందులో "దేవుడు లేడు" అనే మొదటి ముక్క దగ్గరే ఆగిపోయేవాడని, పూర్తి చేయమంటే "నేనింకా లేదు అన్నచోటే ఉన్నాను, అక్కడికి చేరాక మిగతాది అంటాను" అన్నాడని కథ. రోజెన్‌జ్వైగ్ "ఇంకా లేదు" తలచుకున్నప్పుడల్లా నాకు ఈయన గుర్తొస్తాడు.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. దేవుడు ఉన్నాడని ఎలా తెలుసు నాన్నా అని అడిగాడు. నాకు జవాబు తోచక కసిరాను. ఇప్పుడు వాడు అడగడం మానేశాడు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు అబ్బాయికి సారీ చెప్పండి. యూదుల పస్కా పండుగ రాత్రి, ఇంట్లో చిన్నపిల్లాడు ప్రశ్న అడిగితే గానీ, తమ వాళ్లు ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడ్డ కథ మొదలవదు. పిల్లలు లేకపోతే భార్య అడగాలి. ఎవరూ లేకపోతే తనను తానే అడుక్కోవాలి. శాస్త్రం అంతా తెలిసిన పండితులిద్దరే ఉన్నా ఒకరినొకరు అడగాలని తాల్ముద్ అనే రబ్బీల చర్చల గ్రంథం చెబుతుంది.

తర్వాత "నాకూ తెలియదురా, కలిసి చదువుదాం" అనండి. ఏ మతం వాళ్లయినా సరే, యోబు గ్రంథంతో మొదలుపెట్టమంటాను. తెలుగు బైబిల్లో ఉంది, భాష కొంచెం పాతది, నెమ్మదిగా చదవాలి. 42 అధ్యాయాలు. రాత్రికి ఒకటి చొప్పున ఆరు వారాలు. మధ్యలో ఆపి వాడు ఏం అడిగాడో నాకు రాయండి.